కరెంటు పోయినప్పుడు బండి బ్యాటరీతో ఇల్లు నడపొచ్చా? చెన్నైలోని తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

2016 డిసెంబరు 12న వర్దా తుపాను చెన్నై మీదుగా పోయినప్పుడు వేల చెట్లతో పాటు కరెంటు స్తంభాలూ కూలాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తీరం దాటింది మన బాపట్ల దగ్గరే అయినా, అంతకు ముందు రెండు రోజులు చెన్నైని ముంచిపోయింది. వేళచ్చేరి, పళ్ళికరణై, ముడిచ్చూర్ వైపు చాలా ఇళ్ళకు రోజుల తరబడి కరెంటు రాలేదు. ఇప్పుడు అదే వీధుల్లో ఎలక్ట్రిక్ కార్లు, స్కూటర్లు కనిపిస్తున్నాయి కాబట్టి, ప్రతి ఏటా అక్టోబరులో వానలు మొదలవగానే ఈ ప్రశ్నలు వస్తుంటాయి.

ముందే ఒక మాట. బండిలోని బ్యాటరీని కరెంటు నిల్వగా చూడండి. ఇంటి వైరింగుకు నేరుగా కలిపే జనరేటర్‌గా చూడకండి. ఇంట్లో ఒక చిన్న బ్యాటరీ, కింద పార్కింగులో పెద్ద బ్యాటరీ, పెద్దదానితో చిన్నదాన్ని నింపుకోవడం. చెన్నైలో ఎక్కువ ఇళ్ళకు కుదిరే పద్ధతి ఇదే.

మాది పెట్రోలు కారు. దాని బ్యాటరీ తీసి ఇంటి ఇన్వర్టర్‌కు తగిలిస్తే పనిచేయదా?

పనిచేస్తుంది, కాసేపు. ఆ తర్వాత కారు స్టార్ట్ కాదు.

కారు బ్యాటరీ తయారయ్యేది ఇంజను తిప్పడానికి. రెండు మూడు సెకన్ల పాటు వందల ఆంపియర్లు ఇవ్వాలి, ఆ వెంటనే ఆల్టర్నేటర్ దాన్ని మళ్ళీ నింపేస్తుంది. అందుకే లోపల పలకలు పలచగా, ఎక్కువ సంఖ్యలో ఉంటాయి. ఇన్వర్టర్‌కు వాడే ట్యూబులర్ బ్యాటరీలో పలకలు మందం. గంటల తరబడి నెమ్మదిగా ఖాళీ అవడాన్ని అవి తట్టుకుంటాయి. కారు బ్యాటరీని అలా కొన్నిసార్లు అడుగంటా ఖాళీ చేస్తే పలకల మీద సల్ఫేట్ గట్టిపడి దాని పని అయిపోతుంది.

పోనీ ఎంత వస్తుందో లెక్క వేద్దాం. చిన్న కారులో 12 వోల్టుల 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ అనుకుంటే మొత్తం 420 వాట్ అవర్లు. పాడవకుండా వాడుకోగలిగేది సగం. ఇన్వర్టర్‌లో పోయేది పోగా 180 మిగులుతుంది. ఒక మామూలు ఫ్యాను, ఒక ఎల్ఈడీ బల్బు రెండు గంటలు. దీనికోసం వరద రోజున ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిన కారును కదలకుండా చేసుకోవడం నాకు అస్సలు నచ్చని బేరం. 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ ట్యూబులర్ బ్యాటరీ అయితే నిజంగా ఒక యూనిట్‌కు పైనే ఇస్తుంది. డబ్బు పెట్టేటట్లయితే అక్కడ పెట్టండి.

ఇంజను ఆన్‌లో ఉంచి, కారు 12 వోల్టుల సాకెట్‌కు చిన్న ఇన్వర్టర్ పెట్టుకుంటే?

ఫోన్లు, ల్యాప్‌టాప్ వరకు సరే. ఆ సాకెట్ ఫ్యూజు సాధారణంగా 10 ఆంపియర్లది, అంటే 120 వాట్లకు మించి లాగలేం. ఊరికే నిలబెట్టిన ఇంజను గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా పెట్రోలు తాగుతుంది.

పెట్రోలు కంటే ముఖ్యమైనది పొగ. మూసి ఉన్న గరాజులో గానీ, బేస్‌మెంట్ పార్కింగులో గానీ, కిటికీ పక్కన గానీ ఇంజను ఆన్‌లో వదలకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, నిద్రమత్తు అనుకుంటూనే మనిషి స్పృహ తప్పుతాడు. బాల్కనీలో పెట్టే పెట్రోలు జనరేటర్‌కూ ఇదే వర్తిస్తుంది. వానకు తలుపులన్నీ బిగించుకుని ఉంటాం కాబట్టి తుపాను రోజుల్లో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

వీటూఎల్ అంటే ఏమిటి? నా కారులో ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

కారు పెద్ద బ్యాటరీలోని డీసీని 230 వోల్టుల ఏసీగా మార్చి బయటకు ఇచ్చే సదుపాయం. ఛార్జింగ్ పోర్టుకు ఒక అడాప్టర్ గుచ్చితే దాని చివర మామూలు త్రీపిన్ సాకెట్ ఉంటుంది. కొన్ని కార్లలో లోపలే ఒక సాకెట్ ఇస్తారు.

హ్యుందాయ్ ఐయానిక్ 5, మన శ్రీపెరుంబుదూర్ పక్కన ఇరుంగాట్టుకోట్టైలో తయారయ్యే క్రెటా ఎలక్ట్రిక్, కియా ఈవీ6, బీవైడీ ఆటో 3, 2023 సెప్టెంబరు తర్వాతి టాటా నెక్సాన్ ఈవీ, కర్వ్ ఈవీ, ఎంజీ విండ్సర్ ప్రో వంటి వాటిలో ఈ సదుపాయం వచ్చింది. అయితే ఒకే కారులో ఒక వేరియంట్‌కు ఉండి ఇంకో వేరియంట్‌కు లేకపోవడం మామూలే. అడాప్టర్ విడిగా కొనాల్సి రావచ్చు కూడా. కారుతో వచ్చిన యజమాని పుస్తకం (ఓనర్స్ మాన్యువల్) తీసి చూడండి, షోరూంలో నోటిమాట మీద ఆధారపడకండి. పుస్తకంలో లేకపోతే మీ కారులో లేనట్టే. ఆన్‌లైన్‌లో దొరికే ఏ అడాప్టరూ లేని సదుపాయాన్ని తెచ్చిపెట్టదు.

సాధారణంగా 3.3 నుంచి 3.6 కిలోవాట్ల వరకు ఇస్తుంది. 230 వోల్టుల దగ్గర అది 14, 15 ఆంపియర్లు. మొత్తం ఇంటికి కాదు గానీ ఇంట్లో ముఖ్యమైన వాటన్నిటికీ చాలు.

పూర్తి ఛార్జింగుతో ఎన్ని రోజులు గడుస్తుంది?

మీ ఇంటి ఫ్యాన్లను బట్టి ఉంటుంది. నవ్వులాటకు అనడం లేదు.

40 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారు అనుకుందాం. ఈబీ (విద్యుత్ బోర్డు) బిల్లులో వచ్చే యూనిట్టూ, కారు కంపెనీ చెప్పే కిలోవాట్ అవరూ ఒకటే. ఎక్కడికైనా వెళ్ళాల్సి వస్తుందని 12 యూనిట్లు కారులోనే వదిలేయండి. మిగిలిన 28లో మార్పిడిలో పోయేది పోగా 24 వరకు చేతికొస్తుంది.

ఇప్పుడు వాడకం. వరద తర్వాత చెన్నైలో దోమల సంగతి తెలిసిందే, ఫ్యాను లేకుండా పిల్లలు నిద్రపోలేరు. తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ రకం ఫ్యాన్లు మూడు, ఒక్కోటి 30 వాట్లు, రోజుకు 20 గంటలు తిరిగితే 1.8 యూనిట్లు. ఐదు ఎల్ఈడీ బల్బులు సాయంత్రం ఆరు గంటలు వెలిగితే పావు యూనిట్ చిల్లర. ఫ్రిజ్ ఒక యూనిట్. వైఫై రౌటర్, ఫోన్లు, ల్యాప్‌టాప్ కలిపి ఇంకో అర యూనిట్. మొత్తం మూడున్నర పైన. ఆ లెక్కన ఆరు రోజులు రావాలి. కానీ వీటూఎల్ ఆన్‌లో ఉన్నంతసేపూ కారు సొంత ఎలక్ట్రానిక్స్ మేలుకునే ఉంటాయి, వాటి ఖర్చు వాటికుంది. నాలుగైదు రోజులు అనుకోవడం క్షేమం.

అదే పాత ఫ్యాన్లు, ఒక్కోటి 75 వాట్లు అయితే? ఫ్యాన్లకే నాలుగున్నర యూనిట్లు పోతాయి. రోజు వాడకం ఆరు దాటుతుంది, మీ ఐదు రోజులు మూడుకు దిగుతాయి. అందుకే ఎవరైనా పెద్ద బ్యాటరీ కారు కొనాలా అని అడిగితే, ముందు ఇంట్లో ఫ్యాన్లు మార్చమంటాను.

ఇంకొకటి. రోజంతా కారును ఆన్‌లో ఉంచి ఒక బల్బు వెలిగించుకుంటే కారు తన కోసం తాను తినేదే ఎక్కువవుతుంది. పొద్దున రెండు మూడు గంటలు, సాయంత్రం రెండు మూడు గంటలు ఆన్ చేసి, ఆ సమయంలోనే ఫ్రిజ్ చల్లబరుచుకోవడం, ఇన్వర్టర్ బ్యాటరీ నింపుకోవడం, ఫోన్లన్నీ ఛార్జ్ చేసుకోవడం మంచిది. తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్ నాలుగు గంటల దాకా చల్లదనం పట్టి ఉంచుతుంది. దోసెల పిండి కోసం గంటకోసారి తీస్తే మాత్రం ఉండదు.

ఏసీ, గీజర్, నీళ్ళ మోటారు?

గీజర్, ఇండక్షన్ స్టవ్ వద్దు. రెండూ రెండు కిలోవాట్ల దగ్గర లాగుతాయి, గ్యాస్ మీద నీళ్ళు కాచుకోవచ్చు. ఇన్వర్టర్ రకం ఏసీని ఒక గదిలో రాత్రి నడిపితే దాదాపు ఐదు యూనిట్లు, అంటే పైన చెప్పిన ఇంటి మొత్తం ఖర్చు కంటే ఎక్కువ. ఇంట్లో పసిబిడ్డో, జ్వరంతో ఉన్న పెద్దవాళ్ళో ఉంటే అది వృథా కాదు, మీరు నిర్ణయించుకోండి.

మోటారుతో జాగ్రత్త. ఒక హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు 750 వాట్లే అయినా, స్టార్ట్ అయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్లు లాగుతుంది. కారు వెంటనే ట్రిప్ అవుతుంది. తుపాను కబురు రాగానే ఓవర్‌హెడ్ ట్యాంకు నింపుకోవడమే దీనికి మందు. త్రీఫేజ్ మోటారు వీటూఎల్ మీద నడవదు, అది ఇచ్చేది సింగిల్ ఫేజ్.

రెండు వైపులా పిన్నులున్న వైరు చేయించి, కారు నుంచి హాల్లో ఉన్న సాకెట్‌లోకి గుచ్చితే ఇల్లంతా వెలుగుతుందట. నిజమేనా?

వెలుగుతుంది. దయచేసి చేయకండి.

ఆ వైరుకు ఒక చివర కారులో ఉంటే, రెండో చివర పిన్నుల మీద 230 వోల్టులు బయటికే ఉంటాయి. చెయ్యి తగిలితే చాలు. అది మొదటి ప్రమాదం, మీ ఇంట్లోది.

రెండోది వీధిలో ఉంటుంది. మెయిన్ స్విచ్ కట్టేయడం మరిచిపోతే మీ కరెంటు మీటరు దాటి వీధిలోకి వెళ్తుంది. మన ట్రాన్స్‌ఫార్మర్ 11 వేల వోల్టులను ఇంటి వోల్టేజీకి దించుతుంది కదా, అదే ట్రాన్స్‌ఫార్మర్ అవతలి నుంచి చూస్తే పెంచుతుంది. మీరు లోపలికి పంపిన 230 వోల్టులు అటువైపు లైనులో వేల వోల్టులుగా బయటపడతాయి. అప్పుడు ఆ లైను మీద ఎవరుంటారు? లైను చచ్చిపోయింది కదా అని నమ్మి, వానలో తడుస్తూ తెగిన తీగ ముడివేస్తున్న లైన్‌మన్. వర్దా తర్వాతా, మిచౌంగ్ తర్వాతా రాత్రీ పగలూ పనిచేసి మన ఇళ్ళల్లో దీపం వెలిగించింది వాళ్ళే.

"మా ఆయన మెయిన్ కట్టేయడం ఎప్పుడూ మరిచిపోరు" అని ఒకావిడ అన్నారు. ఆయన ఊళ్ళో లేని రోజు ఆ పని చేసేది పిల్లలు. మనిషి జ్ఞాపకశక్తి మీద ఆధారపడే రక్షణ రక్షణ కాదు.

పైగా మీరు కారు కలిపి ఉన్నప్పుడే ఈబీ కరెంటు తిరిగి వస్తే రెండూ ఢీకొంటాయి. కారులోని మార్పిడి పరికరం కాలిపోవచ్చు, దానికి వారంటీ ఇవ్వమని అడిగే మొహం కూడా ఉండదు.

మాది మాధవరంలో సొంత ఇల్లు. మరి సరైన పద్ధతిలో ఇంటికి ఎలా కలపాలి?

లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో చేంజోవర్ స్విచ్ పెట్టించండి. దాని పిడి ఒకవైపు తిప్పితే ఈబీ, ఇంకోవైపు తిప్పితే కారు, మధ్యలో రెండూ లేవు. రెండూ ఒకేసారి కలవడానికి యంత్రంలోనే దారి ఉండదు. ఫేజ్‌తో పాటు న్యూట్రల్‌ను కూడా తెంపే రకమే అడగండి. ఇల్లు మొత్తానికి కాకుండా ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్, రౌటర్ ఉన్న సర్క్యూట్లను విడదీసి వాటికే ఈ స్విచ్ పెట్టించడం ఇంకా మంచిది. అప్పుడు ఎవరో గీజర్ వేసి కారును ట్రిప్ చేసే గొడవ ఉండదు.

ఎర్తింగ్ గురించి ఎలక్ట్రీషియన్‌ను తప్పకుండా అడగాల్సింది ఒకటుంది. ఈబీ సరఫరాలో న్యూట్రల్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర భూమికి కలిసి ఉంటుంది. ఇంట్లో లీకేజీ అయితే ఆర్‌సీసీబీ (లీకేజీని పసిగట్టి కరెంటు తెంపే స్విచ్) ట్రిప్ అవడానికి ఆ కలయికే ఆధారం. కారు టైర్ల మీద నిలబడి ఉంది, దాని నుంచి వచ్చే కరెంటులో ఆ కలయిక ఉండకపోవచ్చు. అలాంటప్పుడు మీరు ఎంతో నమ్ముకున్న 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లీకేజీకి స్పందించకపోవచ్చు. ఆ కారు పుస్తకంలో ఏం చెప్పారో చూసి, దానికి తగ్గట్టు వైరింగు చేయాలి. ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేని ఎలక్ట్రీషియన్ చేత ఈ పని చేయించకండి.

మేం పెరుంగుడిలో పదకొండో అంతస్తులో ఉంటాం. కారు బేస్‌మెంట్‌లో. మాకు దారి లేదా?

పదకొండు అంతస్తులు వైరు లాగడం కుదరదు, అసోసియేషన్ వాళ్ళు ఒప్పుకోకూడదు కూడా. మీకు దారి పోర్టబుల్ పవర్ స్టేషన్. లిథియం బ్యాటరీ, ఛార్జర్, ఇన్వర్టర్ అన్నీ ఒకే పెట్టెలో ఉంటాయి. ఒక యూనిట్ సామర్థ్యం ఉన్నది పది పన్నెండు కిలోలు తూగుతుంది. కిందికి తెచ్చి, కారు వీటూఎల్‌కు పెట్టి, నిండాక పైకి తీసుకెళ్ళి ఫ్యాన్లు, రౌటర్ నడుపుకోవచ్చు. జనరేటర్ ఉన్నంతసేపు లిఫ్టు ఉంటుంది, డీజిల్ అయిపోతే మెట్లే. కాబట్టి కొనేముందు దాని బరువు మీ ఇంట్లో ఎవరు మోయగలరో ఆలోచించండి. రెండు చిన్నవి ఒక పెద్దదాని కంటే మేలు అని నా అభిప్రాయం. ఒకటి కింద నిండుతుంటే ఇంకొకటి పైన పనిచేస్తుంటుంది.

స్టిల్ట్ పార్కింగు ఉండి మొదటి, రెండో అంతస్తుల్లో ఉండేవాళ్ళకు ఇంకా సులువు. మంచి వైరు ఒకటి ఇంట్లోకి తెచ్చి, గోడ సాకెట్ నుంచి ఊడదీసిన ఇన్వర్టర్ ఇన్‌పుట్ ప్లగ్గును దానికి పెట్టేయొచ్చు. ఇన్వర్టర్ తన బ్యాటరీ తాను నింపుకుంటుంది. ఒక్క జాగ్రత్త: మన ఇళ్ళలో ఇన్వర్టర్ వైరింగు చేసేటప్పుడు న్యూట్రల్‌ను ఈబీ న్యూట్రల్‌తో కలిపే వదిలేస్తారు చాలామంది. అలా ఉంటే కారు న్యూట్రల్ వీధి లైనుతో కలుస్తుంది. కొన్ని కార్లు ఫాల్ట్ చూపించి ఆగిపోతాయి. ముందు ఒకసారి ఎలక్ట్రీషియన్‌కు చూపించుకోండి, వాడేటప్పుడు ఫేజ్, న్యూట్రల్ రెండూ తెంపే మెయిన్ స్విచ్ కట్టేసి ఉంచండి.

అద్దె ఇంట్లో ఉంటున్నాం, వైరింగు ముట్టుకోనివ్వరు.

ముట్టుకోనక్కర్లేదు. ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు, దానికి టేబుల్ ఫ్యాను, ల్యాంపు, ఫ్రిజ్ నేరుగా. గోడలోకి ఏమీ వెళ్ళదు.

ఏ వైరు కొనాలి?

మూడు కోర్లు, రాగి, 2.5 చదరపు మిల్లీమీటర్లు, 16 ఆంపియర్ల ప్లగ్గు, సాకెట్. కొట్లో చవకగా ఇచ్చే 1 చదరపు మిల్లీమీటరు వైరు 20 మీటర్లు తెచ్చి 14 ఆంపియర్లు లాగితే 150 వాట్లు ఆ వైరులోనే వేడిగా పోతాయి. చుట్ట విప్పకుండా వాడితే ఆ వేడికి ఇన్సులేషన్ కరుగుతుంది. పూర్తిగా విప్పి, నీళ్ళు నిలిచే చోట కాకుండా, తలుపు సందులో నలగకుండా వేయండి. వీటూఎల్ అడాప్టర్‌ను వానలో తడవనివ్వకండి.

వరద వస్తుందంటే మేం కారు ఫ్లైఓవర్ మీద పెడతాం. అప్పుడు ఇంట్లో కరెంటు ఎలా?

చెన్నైలో ఈ విషయం మొత్తానికి అసలు చిక్కు ఇదే. 2024 అక్టోబరులో వాన హెచ్చరిక రాగానే వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద కార్లు వరుసకట్టిన దృశ్యం అందరం చూశాం. మిచౌంగ్ అనుభవం తర్వాత అలా చేయడం తెలివైన పని. కానీ కరెంటు ఎక్కువ అవసరమయ్యే రోజునే కారు ఇంటి దగ్గర ఉండదు.

వరదలో ఈబీ వాళ్ళు కరెంటు కావాలనే ఆపేస్తారని కూడా గుర్తుంచుకోవాలి. చెన్నై వీధుల్లో భూగర్భ కేబుళ్ళకు ఉండే పిల్లర్ బాక్సులు నీళ్ళలో మునిగితే సరఫరా ఉంచడం ప్రాణాంతకం. నీళ్ళు తీసేదాకా రాదు. అంటే నీళ్ళు ఉన్నన్ని రోజులూ కరెంటు లేదు, నీళ్ళు ఉన్నన్ని రోజులూ కారూ లేదు.

అందుకే మొదట్లో చెప్పిన చిన్న బ్యాటరీ తప్పదు. మీది పల్లపు ప్రాంతమైతే ఇంట్లో ఇన్వర్టరో, పవర్ స్టేషనో మొదటి ఒకటి రెండు రోజులకు సరిపోయేలా ఉండాలి. నీళ్ళు తగ్గి కారు ఇంటికి చేరాక, ఈబీ ఇంకా రాని ఆ మిగతా రోజులకు కారు. మెరక మీద ఉన్న ఇళ్ళకు, గాలికి స్తంభాలు పడి కరెంటు పోయే వర్దా లాంటి తుపానుకు మాత్రం కారు మొదటి గంట నుంచే పనికొస్తుంది. మీ వీధిలో 2015లో, 2023లో నీళ్ళు ఎంతవరకు వచ్చాయో ఇరుగుపొరుగును అడిగి, దాన్ని బట్టి ఏది కొనాలో తేల్చుకోండి.

నుంగంబాక్కం వాతావరణ కేంద్రం ఆరెంజ్ హెచ్చరిక ఇచ్చిన రోజే కారును నిండా ఛార్జ్ చేయండి. కరెంటు పోయాక పబ్లిక్ ఛార్జింగ్ స్టేషన్లకూ అదే గతి.

కారు నీళ్ళలో మునిగింది. బ్యాటరీకి ఐపీ67 ఉంది కదా, వాడొచ్చా?

వద్దు. ఐపీ67 అంటే ఒక మీటరు నీళ్ళలో 30 నిమిషాల పరీక్ష. మన వరద నీళ్ళు రోజంతా నిలబడతాయి, అందులో మురుగు, సముద్రపు ఉప్పు కూడా కలిసి ఉండొచ్చు. ఛార్జ్ చేయకుండా, వీటూఎల్ వాడకుండా, ఇంటికి దూరంగా నిలిపి సర్వీసు వాళ్ళను పిలవండి.

ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ ఊడదీసి ఇంట్లో వాడుకోవచ్చా?

చాలా స్కూటర్లలో బ్యాటరీ లోపలి బీఎంఎస్ (బ్యాటరీని కాపలా కాసే సర్క్యూట్), బండితో మాట కలిస్తే తప్ప కరెంటు ఇవ్వదు. దాన్ని దాటవేసి వైర్లు తీసే మెకానిక్కులున్నారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళకండి. సెల్ అతిగా ఖాళీ అవకుండా, అతిగా వేడెక్కకుండా కాపాడేది ఆ బీఎంఎస్సే.

2022 ఏప్రిల్‌లో విజయవాడలో, నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. అంతకు ముందు నెలలో ఇక్కడికి దగ్గరే వేలూరులో తండ్రీ కూతురూ చనిపోయారు. ఆ సంఘటనల తర్వాతే కేంద్రం ఏఐఎస్ 156 భద్రతా నిబంధనలను కఠినం చేసి, 2022 డిసెంబరు నుంచి దశలవారీగా అమల్లోకి తెచ్చింది. పడకగదిలో, బయటికి పోయే దారికి అడ్డంగా, లిథియం బ్యాటరీని ఛార్జింగ్‌కు పెట్టి నిద్రపోకండి. ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు.

పుదుపేటలో పాత ఈవీ బ్యాటరీ దొరుకుతుందట. రిచీ స్ట్రీట్‌లో బీఎంఎస్ బోర్డు కొని మా తమ్ముడు ప్యాక్ కడతానంటున్నాడు.

ఆలోచన మంచిదే. బండికి పనికిరాకుండా పోయిన బ్యాటరీలో కూడా 70, 80 శాతం సామర్థ్యం మిగిలే ఉంటుంది, ఇంటికి అది బ్రహ్మాండంగా సరిపోతుంది. అయితే ఆ సెల్స్ ఏ ప్రమాదంలో నలిగాయో, ఏ వరదలో నానాయో బయటి నుంచి కనిపించదు. ప్రతి సెల్ కెపాసిటీ, అంతర్గత నిరోధం కొలిచి, సమానమైన వాటినే జతచేయాలి. తమ్ముడికి ఆ పరికరాలు, ఆ చదువు ఉంటే నేర్చుకోనివ్వండి, ఇంటి బయట, పర్యవేక్షణలో. లేకపోతే పరీక్షించి, వారంటీతో అమ్మేవాళ్ళ దగ్గర ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం తీసుకోండి, అది మిగతా లిథియం రకాల కంటే వేడిని బాగా తట్టుకుంటుంది. బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు 2022 ప్రకారం పాత ఈవీ బ్యాటరీల బాధ్యత తయారీదారుల మీద ఉంది, కాబట్టి ఈ సరుకు ఇకమీదట పద్ధతిగా దొరికే అవకాశాలు పెరుగుతాయి.

మా అత్తగారికి ఆక్సిజన్ కాన్సంట్రేటర్ నడవాలి. కారు మీద ఆధారపడొచ్చా?

రెండో ఏర్పాటుగా ఆధారపడండి, ఒకే ఒక్క ఏర్పాటుగా కాదు. ఐదు లీటర్ల కాన్సంట్రేటర్ 350 వాట్ల వరకు తీసుకుంటుంది, రోజంతా నడిస్తే ఎనిమిది యూనిట్లు దాటుతుంది. 40 యూనిట్ల కారు రెండు మూడు రోజులు నడపగలదు. కానీ కారు ఏదో ఫాల్ట్ చూపించి అర్ధరాత్రి ఆగిపోతే? యంత్రం ఆగిన నిమిషానికి పక్కన నిండు ఆక్సిజన్ సిలిండర్, దాన్ని తిప్పడం తెలిసిన మనిషి ఉండాలి. తుపాను హెచ్చరిక రాగానే డాక్టరుగారికి ఫోను చేసి, అవసరమైతే ముందే ఆసుపత్రిలో చేర్పించే మాట కూడా మాట్లాడి పెట్టుకోండి. మీ ఇంట్లో ఇలాంటి రోగి ఉన్నారని ఈబీ వాళ్ళకు వాళ్ళ ఫిర్యాదుల కేంద్రం మిన్నగం నంబరు 94987 94987కు చెప్పి ఉంచడంలో తప్పులేదు.

మేడ మీద సోలార్ ఉంది. కారుతో కలిపి వాడొచ్చా?

ఆన్‌గ్రిడ్ సోలార్ (ఈబీ లైనుకు కలిపి నడిచేది) అయితే ఈబీ పోగానే అదీ ఆగిపోతుంది, లైన్‌మన్ క్షేమం కోసమే అలా చేశారు. కారు కరెంటు చూపించి దాన్ని మోసపుచ్చి నడిపించాలని చూడకండి. సోలార్ తన కరెంటును కారులోకి నెట్టబోతుంది, వీటూఎల్ అందుకు తయారైంది కాదు. చేంజోవర్ కారు వైపు ఉన్నప్పుడు సోలార్ విడిపోయి ఉండాలి.

కారు బ్యాటరీ ఆయుష్షు తగ్గదా? వారంటీ?

రోజుకు నాలుగు యూనిట్లు అంటే 40 యూనిట్ల బ్యాటరీలో పదో వంతు. ఏడాదికి వారం రోజులు అలా వాడితే ఒక పూర్తి సైకిల్ కూడా కాదు. కారు మీద తిరుపతి వెళ్ళొచ్చిన దానికంటే తక్కువ శ్రమ. కంపెనీ అడాప్టర్‌తో, వాళ్ళు చెప్పిన హద్దులో వాడినంతవరకు భయపడక్కర్లేదు. రోజూ వ్యాపారానికి వాడితే వేరు, వారంటీ పత్రంలో దాని గురించి ఏముందో చదవండి.

ఈవీలో కూడా విడిగా ఒక చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. దానికి క్లిప్పులు పెట్టి ఇన్వర్టర్ నడపకండి. అది పడిపోతే ఎంత పెద్ద బ్యాటరీ ఉన్నా కారు తలుపులు కూడా తెరుచుకోకపోవచ్చు.

జపాన్‌లో కార్లు నేరుగా ఇంటికే కరెంటు ఇస్తాయట. మనకెప్పుడు?

అది వీటూహెచ్. 2011 భూకంపం, సునామీ తర్వాత కరెంటు కరువు చూసిన జపాన్‌లో నిస్సాన్ లీఫ్‌కు 2012లోనే అలాంటి పరికరం అమ్మకానికి వచ్చింది. ఇంటి గోడకు బిగించే ఆ యంత్రమే ఈబీని విడదీస్తుంది, కారును కలుపుతుంది. మన దగ్గర ఎక్కువగా ఉన్న సీసీఎస్2 రకం ఛార్జింగ్ పోర్టు కార్లు ఇటు అటు కరెంటు పంపుకోవడానికి కావాల్సిన ఐఎస్ఓ 15118-20 ప్రమాణం 2022లో వచ్చింది. ఇక కారూ, గోడ యంత్రమూ, ఈబీ నియమాలూ మూడూ కలిసి రావాలి. అప్పటిదాకా వీటూఎల్‌తో సర్దుకోవడమే.

ఈబీ కరెంటు తిరిగి వచ్చింది. ఇప్పుడు ఏ వరుసలో ఏం చేయాలి?

తొందరపడకండి. తుపాను తర్వాత మొదటిసారి వచ్చిన కరెంటు చాలాసార్లు వెంటనే పోతుంది, వోల్టేజీ ఎగిరిపడుతుంది. ముందు ఇంట్లో నడుస్తున్న వస్తువులు ఒక్కొక్కటీ ఆపండి. కారులో వీటూఎల్ ఆపండి. తర్వాత అడాప్టర్ తీయండి, లోడు మీద ఉండగా లాగితే పిన్నుల దగ్గర నిప్పురవ్వ వస్తుంది. చేంజోవర్‌ను మధ్యలో ఉంచి, పది నిమిషాలు వీధి దీపాలు నిలకడగా వెలుగుతున్నాయేమో చూసి, అప్పుడు ఈబీ వైపు తిప్పండి. గోడలు తడిసిన ఇంట్లో ఆర్‌సీసీబీ ట్రిప్ అవుతుంటే బలవంతంగా ఎత్తకండి, ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా ఆ సర్క్యూట్ ఎంసీబీ దించే ఉంచండి. ఫ్రిజ్ చివరగా వేయండి.